ఆపమని ఎవరూ చెప్పని పొటాషియం సిరప్: ఒక కేస్ స్టడీ

రక్తంలో పొటాషియం తగ్గిందని మొదలుపెట్టిన సిరప్, ఆ లోటు తీరిన తరువాత కూడా నెలల తరబడి కొనసాగి, ఈలోగా పక్కనున్న మందులు ఒక్కొక్కటిగా మారిపోవడంతో ప్రాణాపాయం తెచ్చిన సందర్భం ఇది. ఇందులో అరుదైన జబ్బు ఏదీ లేదు. వాడిన ప్రతి మందూ రోజూ వేలాది చీటీల మీద కనిపించేదే, ప్రతి మందుకూ దాన్ని రాసిన రోజున సరైన కారణమే ఉంది. పొటాషియం తీసుకోవడం భద్రమేనా అని రోగులు తరచుగా అడుగుతుంటారు. మోతాదు ఒక్కదాన్నే చూసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేమనీ, ఆ మోతాదును బయటకు పంపే దారి ఆ రోజున ఎంత తెరిచి ఉందో కూడా చూడాలనీ ఈ కేసు ఆధారంగా వివరించాలని నా ప్రయత్నం. రోగి అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టగల వివరాలను తొలగించాను. పొటాషియం విలువలన్నీ లీటరుకు మిల్లీమోల్‌లలో ఉన్నాయి కనుక ఇకపై అంకెను మాత్రమే ఇస్తాను. మామూలు స్థాయి 3.5 నుంచి 5.0 వరకు అని గుర్తుంచుకుంటే చాలు.

రోగి, ఆమె మందుల చరిత్ర

రోగి 68 ఏళ్ళ మహిళ. పదిహేనేళ్ళుగా అధిక రక్తపోటు, తొమ్మిదేళ్ళుగా మధుమేహం ఉన్నాయి. మూత్రపిండాలు వడకట్టి బయటకు పంపే వ్యర్థం క్రియాటినిన్. ఏడాది కిందటి నివేదికలో సీరం క్రియాటినిన్ డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాములు. ఈ అంకె చూడటానికి మామూలుగానే కనిపిస్తుంది. కానీ వయసునూ స్త్రీ అన్న విషయాన్నీ లెక్కలోకి తీసుకుంటే ఈజీఎఫ్ఆర్ సుమారు 49 వస్తుంది, అంటే మూత్రపిండాల వడపోత సామర్థ్యం దాదాపు సగానికి తగ్గిందని అర్థం. వయసు మీద పడి, కండ తగ్గిన వారిలో క్రియాటినిన్ అంకె ఇలా ధైర్యం చెబుతుంది కనుక, పొటాషియానికి సంబంధించిన ఏ నిర్ణయమైనా ఈజీఎఫ్ఆర్ లెక్క కట్టిన తరువాతే తీసుకోవాలి.

ఆసుపత్రికి రావడానికి అయిదు నెలల ముందు ఆమె రక్తపోటుకు అమ్లోడిపిన్‌తో పాటు క్లోర్‌థాలిడోన్ 25 మిల్లీగ్రాములు వాడుతున్నారు. థయాజైడ్ తరహా మూత్రవర్ధకాలు సోడియంతో పాటు పొటాషియాన్ని కూడా మూత్రంలోకి తోసేస్తాయి. పిక్కలు పట్టేయడం, మెట్లెక్కితే కాళ్ళు వణకడం మొదలై పరీక్ష చేయిస్తే పొటాషియం 2.9 వచ్చింది. అది చికిత్స చేయవలసిన స్థాయే. పది శాతం పొటాషియం క్లోరైడ్ సిరప్ 15 మిల్లీలీటర్లు రోజుకు రెండుసార్లు రాశారు. 15 మిల్లీలీటర్లలో 20 మిల్లీమోల్‌లు ఉంటాయి కనుక రోజుకు 40 మిల్లీమోల్‌లు. మూడు వారాల తరువాత పొటాషియం 3.9 వచ్చింది, పిక్కల నొప్పులు తగ్గాయి. ఎంతకాలం వాడాలో మాత్రం చీటీ మీద లేదు.

తరువాత ఆమె మరొక వైద్యుని దగ్గరకు వెళ్ళారు. రక్తపోటు అదుపులో లేకపోవడం, క్లోర్‌థాలిడోన్‌తో ఒకసారి పొటాషియం పడిపోయి ఉండడం చూసి, ఆ వైద్యుడు దాన్ని ఆపి టెల్మిసార్టన్ ఇచ్చారు, కొన్ని వారాల తరువాత స్పైరనోలాక్టోన్ 25 మిల్లీగ్రాములు చేర్చారు. ఈ రెండూ రక్తపోటును తగ్గిస్తూనే పొటాషియాన్ని శరీరంలో నిలిపి ఉంచే మందులు. చివరి నివేదికలోని 3.9 చూస్తే ఈ రెండు నిర్ణయాలూ సమంజసమైనవే. ఆ 3.9 సిరప్ వల్ల వచ్చిన అంకె అన్న సంగతి మాత్రం ఆయన ముందున్న కాగితాల్లో ఎక్కడా లేదు. రోగి మాత్రల పట్టీలన్నీ చూపించారు, సిరప్ సీసా ఇంట్లోనే ఉండిపోయింది. టెల్మిసార్టన్ మొదలైన తరువాత గానీ, స్పైరనోలాక్టోన్ చేరిన తరువాత గానీ పొటాషియం పరీక్ష జరగలేదు.

వచ్చినప్పటి స్థితి

రెండు రోజులుగా వాంతులు, నీళ్ళ విరేచనాలు. మూడో రోజు ఉదయం మంచం మీద నుంచి లేవబోతే కాళ్ళు సహకరించలేదు. కుమారుడు, కోడలు కలిసి అత్యవసర విభాగానికి తీసుకొచ్చేసరికి స్పృహలోనే ఉన్నారు, మాట స్పష్టంగా ఉంది. నాడి నిమిషానికి 38. రక్తపోటు 96/58. నోరు ఎండిపోయి ఉంది. రెండు కాళ్ళలో బలం సమానంగా తగ్గింది, మోకాలి ప్రతిచర్యలు మందగించాయి, స్పర్శ జ్ఞానం బాగానే ఉంది.

ఈసీజీలో గుండె పై గదుల స్పందనను చూపే పీ తరంగాలు కనిపించలేదు. కింది గదుల స్పందనను చూపే క్యూఆర్ఎస్ బాగా వెడల్పయి 160 మిల్లీసెకన్లు ఉంది. ఛాతీ లీడ్లలో టీ తరంగాలు సన్నని మొదలుతో నిటారుగా, మొనదేలి ఉన్నాయి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్న మనిషి నీరసంతో, ఇంత నెమ్మదైన నాడితో వచ్చినప్పుడు పొటాషియం బాగా పెరిగిందన్నది తప్ప ఈ ఈసీజీకి వేరే అర్థం వెతకనవసరం లేదు. సిర రక్తంతో కొన్ని నిమిషాల్లో వచ్చిన బ్లడ్ గ్యాస్ నివేదికలో పొటాషియం 7.9, పీహెచ్ 7.21, బైకార్బొనేట్ 13 (అంటే రక్తంలో ఆమ్లం పేరుకుంది), చక్కెర 138 ఉన్నాయి. తరువాత ప్రయోగశాల నుంచి పొటాషియం 8.0, క్రియాటినిన్ 3.4, యూరియా 118 అని వచ్చింది.

రక్తం తీసేటప్పుడు పట్టీ ఎక్కువసేపు బిగించినా, నమూనాలో ఎర్రకణాలు చిట్లినా పొటాషియం తప్పుగా ఎక్కువ కనిపిస్తుంది. అందువల్ల, ఏ లక్షణమూ లేని మనిషిలో ఈసీజీ మామూలుగా ఉండి అంకె మాత్రమే ఎక్కువగా వస్తే, వెంటనే మరో నమూనా తీసి చూడడం న్యాయమే. ఇక్కడ ఆ సందేహానికి తావు లేదు, రెండో నమూనా కోసం ఆగే వ్యవధీ లేదు. దీనికి తలకిందులైన హెచ్చరిక కూడా అంతే ముఖ్యం. పొటాషియం ఏడు దాటినా ఈసీజీ దాదాపు మామూలుగా ఉండే రోగులు ఉంటారు, కనుక ఈసీజీ బాగుందని నిబ్బరంగా ఉండకూడదు.

మొదటి గంటల చికిత్స

పొటాషియాన్ని శరీరం నుంచి తీసేయడానికి ముందు గుండెను కాపాడుకోవాలి. పది శాతం కాల్షియం గ్లూకొనేట్ 30 మిల్లీలీటర్లను, ఈసీజీని చూస్తూ సిరలోకి నెమ్మదిగా ఇచ్చాం. కాల్షియం పొటాషియాన్ని ఒక్క మిల్లీమోల్ కూడా తగ్గించదు, గుండె కండరాల పొరను స్థిరపరచి సమయం సంపాదించి పెడుతుంది. ఆ సమయం అరగంట నుంచి గంట వరకే. మూడు నిమిషాలు గడిచేసరికి క్యూఆర్ఎస్ సన్నబడి, పీ తరంగాలు లీలగా కనిపించాయి. నలభై నిమిషాల తరువాత మళ్ళీ వెడల్పవుతుంటే అదే మోతాదు రెండోసారి ఇచ్చాం.

దానితో పాటే రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లను 25 గ్రాముల గ్లూకోజ్‌తో కలిపి ఇచ్చాం, సాల్బుటమాల్ 10 మిల్లీగ్రాములు నెబ్యులైజర్ ద్వారా పెట్టాం. ఈ రెండూ పొటాషియాన్ని తాత్కాలికంగా కణాల లోపలికి నెడతాయి, నాలుగు నుంచి ఆరు గంటల్లో అది మళ్ళీ బయటకు వస్తుంది. ఇన్సులిన్ ఇచ్చాక మొదటి గంటలో చక్కెర నిలకడగా ఉందని కొందరు పరీక్షలు ఆపేస్తుంటారు. ఈమెకు మూడో గంటలో చక్కెర 61కి పడిపోయింది. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు ఇన్సులిన్ శరీరంలో ఎక్కువసేపు నిలుస్తుంది కనుక కనీసం ఆరు గంటలపాటు, గంట గంటకూ చూడవలసిందే. గ్లూకోజ్ అందించి సరిచేశాం.

సిర ద్వారా ద్రవాలు ఇచ్చినా మొదటి మూడు గంటల్లో మూత్రం చాలా కొద్దిగానే వచ్చింది, పొటాషియం 7.0 దగ్గర ఆగిపోయింది. లోపలికి నెట్టిన పొటాషియం తిరిగి బయటకు వచ్చే వేళకు, దాన్ని శరీరం నుంచి పంపే మార్గం ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి. అందుకే నాలుగు గంటల హీమోడయాలసిస్ చేయించాం. ముగిసేసరికి 4.3, ఆరు గంటల తరువాత 5.1. ఈ పెరుగుదల ఊహించినదే, కణాల్లో ఉన్నది సమతుల్యం కోసం రక్తంలోకి వస్తుంది. మర్నాటికి మూత్రం ధారాళంగా రావడం మొదలైంది, రెండో డయాలసిస్ అవసరం పడలేదు. కండరాల విచ్ఛిన్నం, మూత్రనాళాల్లో అడ్డంకి, అడ్రినల్ గ్రంథుల లోపం ఉన్నాయేమోనని కూడా చూశాం, ఏదీ లేదు.

కారణం ఎక్కడ దొరికింది

వచ్చిన రోజు ఇచ్చిన మందుల జాబితాలో అమ్లోడిపిన్, టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్, మెట్‌ఫార్మిన్ ఉన్నాయి. విరేచనాల వల్ల నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, పైన స్పైరనోలాక్టోన్ ఉంది కనుక పొటాషియం పెరిగింది అని రాసి కేసును అక్కడితో ముగించవచ్చు. కానీ ఇంత ఎత్తుకు, ఇంత త్వరగా పెరగాలంటే బయటి నుంచి పొటాషియం అందుతూ ఉండాలని నాకు అనిపించింది. ఆమె తేరుకున్నాక పక్కన కూర్చుని, మాత్రల సంగతి వదిలేసి వేరే ప్రశ్న అడిగాను.

“అమ్మా, మాత్రలు కాకుండా తాగేవి, నీళ్ళలో కలుపుకునేవి, పొడులు ఏమైనా వాడుతున్నారా?”

“బలానికని ఒక టానిక్ తాగుతున్నానండీ. ఈ రెండు రోజులూ మరీ నీరసంగా ఉంటే పొటాషియం తగ్గిందేమో అనుకుని రోజుకు మూడుసార్లు తాగాను.”

కోడలు ఇంటి నుంచి తెచ్చిన సీసా ఆ పొటాషియం క్లోరైడ్ సిరప్పే. సిరప్ అన్నది ఎన్నో ఇళ్ళలో మందుల లెక్కలోకి రాదు, అది టానిక్కుల వరుసలో చేరిపోతుంది. “మీరు వాడే మందులన్నీ చూపించండి” అన్నప్పుడు మాత్రల పట్టీలే బయటకు రావడానికి కారణం ఇదే. ఆమె ఏదీ దాచలేదు, మేము అడిగిన మాటకు ఆమెకు తెలిసిన అర్థంలో సరిగ్గానే జవాబిచ్చారు.

కోడలు మరో మాట కూడా చెప్పారు. “బీపీకి మంచిదని మూడు నెలలుగా అత్తయ్యగారికి విడిగా తక్కువ సోడియం ఉప్పు వాడుతున్నామండీ.” ఆ పొట్లం మీద చూస్తే సగం పొటాషియం క్లోరైడ్. దానికి తోడు మోకాళ్ళ నొప్పులకు చీటీ లేకుండా ఐబుప్రొఫెన్ మాత్రలు మూడు వారాలుగా దాదాపు రోజూ వేసుకుంటున్నారు.

లెక్క వేసి చూద్దాం. గ్రాము పొటాషియం క్లోరైడ్‌లో దాదాపు 13.4 మిల్లీమోల్‌ల పొటాషియం ఉంటుంది. ఆ ఉప్పు రోజుకు ఆరు గ్రాములు లోపలికి వెళితే అందులో మూడు గ్రాములు పొటాషియం క్లోరైడ్, అంటే 40 మిల్లీమోల్‌లు. అది సిరప్ మొదట్లో రాసిన మోతాదుతో సమానం. ఎవరూ రాయకుండానే ఆమె మోతాదు రెట్టింపయింది. చివరి రెండు రోజులూ సిరప్ రోజుకు మూడుసార్లు తాగారు కనుక దాని నుంచే రోజుకు 60 వచ్చింది. వాంతులతో కొంత పోయి ఉంటుందన్నది నిజమే. అయినా ఆహారంలో వచ్చేదాని మీద అదనంగా నెలల తరబడి 80, ఆ చివరి రోజుల్లో అంతకంటే కాస్త ఎక్కువ చేరుతూ వచ్చిందని చెప్పవచ్చు.

ఇదే మోతాదు వేరొకరికి ఎందుకు ఏమీ చేయదు

పెద్దవారికి రోజుకు కనీసం 3510 మిల్లీగ్రాముల పొటాషియం ఆహారం ద్వారా అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. అది 90 మిల్లీమోల్‌లు. మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉన్న మనిషి ఇంతకు రెట్టింపు తిన్నా రక్తంలో అంకె దాదాపు కదలదు. పండ్లు, కూరగాయల ద్వారా వచ్చే పొటాషియం ఆరోగ్యవంతులకు మేలే చేస్తుంది, రక్తపోటు తగ్గడానికి తోడ్పడుతుంది. కనుక పొటాషియాన్ని విషంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు.

డెబ్బై కిలోల మనిషిలో సుమారు 3500 మిల్లీమోల్‌ల పొటాషియం ఉంటుంది, అందులో 98 శాతం కణాల లోపలే. కణాల బయట ఉన్న ద్రవమంతా కలిపినా అరవై మిల్లీమోల్‌లకు మించదు. ఒక రోజు ఆహారంలో వచ్చేది దీనికంటే ఎక్కువ. అయినా మనం భోజనం చేసిన ప్రతిసారీ గుండె ఆగిపోకపోవడానికి రెండు ఏర్పాట్లున్నాయి. భోజనంతో పాటు విడుదలయ్యే ఇన్సులిన్, వచ్చిన పొటాషియాన్ని వెంటనే కణాల్లోకి పంపి నిలవ చేస్తుంది. తరువాతి కొన్ని గంటల్లో మూత్రపిండాలు అదనాన్ని బయటకు పంపేస్తాయి. బయటకు పోయేదానిలో దాదాపు 90 శాతం మూత్రం ద్వారానే, మిగిలినది పెద్దపేగు ద్వారా. తూము తెరిచి ఉన్నంతవరకూ చెరువులోకి ఎంత నీరు వచ్చినా కట్టకు ప్రమాదం లేనట్టే ఇది కూడా.

మూత్రపిండంలో ఆ తూము, నెఫ్రాన్ అనే సూక్ష్మ వడపోత గొట్టం చివరి భాగంలో ఉంటుంది. అది పని చేయడానికి మూడు కావాలి: అక్కడిదాకా తగినంత సోడియం, ద్రవం చేరాలి, ఆల్డోస్టెరాన్ హార్మోన్ ఆజ్ఞ అందాలి, ఆ ఆజ్ఞను అందుకునే కణాలు సక్రమంగా ఉండాలి. ఈ రోగిలో ఒక్కొక్కటే ఎలా మూసుకుపోయిందో గమనించండి. వడపోత ముందే సగం. టెల్మిసార్టన్ యాంజియోటెన్సిన్‌ను అడ్డుకోవడంతో ఆల్డోస్టెరాన్ తయారీ తగ్గింది. కొద్దిగా తయారైన దాన్ని స్పైరనోలాక్టోన్ గ్రాహకం దగ్గరే ఆపేసింది. ఐబుప్రొఫెన్ ప్రోస్టాగ్లాండిన్లను తగ్గించి ఒకవైపు మూత్రపిండానికి రక్తప్రవాహాన్ని, మరోవైపు ఆల్డోస్టెరాన్ తయారీకి దారితీసే రెనిన్ విడుదలను కుంగదీసింది. ఆపైన వాంతులు, విరేచనాలతో శరీరంలో నీరు తగ్గి, నెఫ్రాన్ చివరిదాకా చేరే సోడియం కూడా తగ్గిపోయింది. రక్తంలో పేరుకున్న ఆమ్లం, తిండి లేక తగ్గిన ఇన్సులిన్ కణాల్లోని నిలవను కూడా బయటకు రప్పించాయి. మూడు నెలలుగా ఎనభై అదనంగా వస్తున్నా ఓర్చుకున్న శరీరం, తూము పూర్తిగా మూసుకున్న రెండు రోజుల్లో లొంగిపోయింది.

సిరప్‌ను మొదలుపెట్టినప్పుడు ఆమె శరీరం పొటాషియాన్ని కోల్పోతూ ఉంది. క్లోర్‌థాలిడోన్ ఆపిన రోజున ఆ నష్టం ఆగింది, సిరప్ అవసరం కూడా ఆ రోజుతోనే ముగిసింది. పొటాషియాన్ని నిలిపి ఉంచే మందు మొదలైన రోజున అదే సిరప్ హానికరంగా మారింది. సీసా మారలేదు, చెంచా మారలేదు. అందుకే చీటీ మీద పొటాషియం రాసేటప్పుడు ఏ మందు వల్ల రాస్తున్నామో పక్కనే రాయాలని నేను పట్టుబడతాను. “క్లోర్‌థాలిడోన్ వాడుతున్నంతవరకే” అన్న ఒక్క మాట ఆ చీటీలో ఉండి ఉంటే, తరువాత దాన్ని చూసిన ఎవరైనా, రోగితో సహా, ఆపి ఉండేవారు.

నీరసం చేసే మోసం

ఈ కేసులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంశం ఆమె చివరి రెండు రోజులూ అదనంగా తాగిన మోతాదు. పొటాషియం తగ్గినా కండరాలు బలహీనపడతాయి, పెరిగినా బలహీనపడతాయి. రెండింటిలోనూ కాళ్ళతోనే మొదలవుతుంది, రెండింటిలోనూ గుండె లయ తప్పుతుంది. ఒకసారి తక్కువ పొటాషియంతో బాధపడి సిరప్‌తో కోలుకున్న మనిషి, మళ్ళీ నీరసం వస్తే అదే కారణం అనుకోవడం సహజం. ఆ అనుభవం ఆమెకు సరైనదే నేర్పింది, పరిస్థితి మారిందని మాత్రం చెప్పలేదు. కనుక ఈ సిరప్ వాడే ప్రతి మనిషికీ మొదటి రోజునే చెప్పవలసింది ఇది: నీరసం వస్తే మోతాదు పెంచకూడదు, రక్త పరీక్ష చేయించుకోవాలి. వాంతులు, విరేచనాలు, జ్వరంతో తిండి, నీరు తగ్గిన రోజుల్లో పొటాషియాన్ని, దానితో పాటు టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ వంటి వాటిని తాత్కాలికంగా ఆపి, వైద్యుణ్ణి సంప్రదించాలి. విరేచనాల్లో పొటాషియం పోతుంది కదా అన్న వాదన మూత్రపిండాలు బాగున్నవారికి వర్తిస్తుంది. ఈ మందులు వాడేవారిలో అది ఎటు తిరుగుతుందో పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు.

విడిగా వాడితే మేలు చేసే మందులు కలిసినప్పుడు ఏమవుతుందో చూపే పెద్ద ఉదాహరణ వైద్య చరిత్రలో ఉంది. తీవ్రమైన గుండె వైఫల్యంలో స్పైరనోలాక్టోన్ మరణాలను తగ్గిస్తుందని 1999లో రేల్స్ పరిశోధన చూపించింది. ఆ పరిశోధనలో పాల్గొన్నవారిని క్రియాటినిన్, పొటాషియం చూసి ఎంపిక చేశారు, పొటాషియం 3.5 కంటే తగ్గితే తప్ప అదనపు పొటాషియం ఇవ్వవద్దన్నారు. ఫలితాలు వెలువడగానే స్పైరనోలాక్టోన్ వాడకం విపరీతంగా పెరిగింది, ఆ జాగ్రత్తలు అంత వేగంగా వెంట రాలేదు. కెనడాలోని ఒంటారియోలో ఏసీఈ నిరోధకాలు (టెల్మిసార్టన్ లాగే ఆల్డోస్టెరాన్‌ను తగ్గించే మందులు) వాడుతున్న వృద్ధ గుండె రోగులను పరిశీలించి 2004లో ప్రచురించిన విశ్లేషణలో, అధిక పొటాషియంతో ఆసుపత్రిలో చేరేవారు 1994లో వెయ్యికి 2.4 ఉండగా 2001 నాటికి 11కు పెరిగారని తేలింది. మందు మారలేదు, దాన్ని వాడే పరిస్థితులు మారాయి.

తక్కువ సోడియం ఉప్పు గురించి కూడా ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. చైనాలోని 600 గ్రామాల్లో దాదాపు 21,000 మందిపై చేసిన పరిశోధన 2021లో వెలువడింది. అందులో వాడిన ఉప్పులో 25 శాతం పొటాషియం క్లోరైడ్. పక్షవాతం 14 శాతం తగ్గింది, ప్రమాదకరమైన అధిక పొటాషియం పెరిగినట్టు కనిపించలేదు. అయితే తీవ్రమైన మూత్రపిండ జబ్బు ఉన్నవారిని, పొటాషియాన్ని నిలిపే మూత్రవర్ధకాలు వాడేవారిని అందులో చేర్చుకోలేదు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉప్పును షరతులతో సిఫారసు చేస్తూ, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిని, గర్భిణులను, పిల్లలను మినహాయించింది. మూత్రపిండాల బలహీనత, పొటాషియాన్ని నిలిపే మందులు అన్న రెండు కారణాల చేత ఈమె ఈ మినహాయింపుల్లోకి వస్తారు. పొట్లాలన్నింటిలోనూ పాళ్ళు ఒకటి కావు. పూర్తిగా పొటాషియం క్లోరైడ్‌తోనే చేసిన వాటి ఒక చెంచాలో 60 మిల్లీమోల్‌లకు పైగా ఉండవచ్చు.

చీటీ లేకుండా దొరికే పొటాషియం మాత్రల గురించి అడిగేవారికి కూడా లెక్కే జవాబు. అమెరికాలో అటువంటి వాటిలో సాధారణంగా 99 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే రెండున్నర మిల్లీమోల్‌లు. ఆరోగ్యవంతులకు దానితో హానీ లేదు, చెప్పుకోదగ్గ ప్రయోజనమూ లేదు. చెంచాలతో కొలుచుకునే పొడులు మాత్రం పూర్తిగా వేరే కోవకు చెందినవి, వాటిని మందుగానే చూడాలి.

అధిక మోతాదు లేకపోయినా పొటాషియం క్లోరైడ్ జీర్ణనాళాన్ని గాయపరచగలదు. 1960లలో థయాజైడ్‌తో కలిపి పేగులో కరిగే పూతతో వచ్చిన మాత్రలు చిన్నపేగులో పుండ్లు, సన్నబడడం కలిగించాయి, దానితో అవి వాడుక నుంచి తప్పుకున్నాయి. ఇప్పటి మాత్రలు నెమ్మదిగా విడుదలయ్యేలా తయారైనవి. వాటిని నమలకుండా, చిదమకుండా, నిటారుగా కూర్చుని నిండు గ్లాసు నీటితో భోజనం తరువాత మింగాలి. మింగడం కష్టమైనవారికి, ఆహారనాళం ఇరుకైనవారికి సిరప్ మేలు, అది కూడా అర గ్లాసు నీటిలో కలిపి మెల్లగా తాగితేనే.

ఈ కేసు చదివి ఎవరూ అవసరమైన పొటాషియాన్ని భయంతో మానకూడదు. డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవారిలో, గుండె లయ తప్పే స్వభావం ఉన్నవారిలో తక్కువ పొటాషియం కూడా ప్రాణం తీస్తుంది. 2.9 ఉన్నప్పుడు ఆమెకు సిరప్ రాయడం సరైన వైద్యమే. లోటు కూడా చిన్నది కాదు. రక్తంలో 0.3 తగ్గితే శరీరం మొత్తంలో సుమారు వంద మిల్లీమోల్‌ల లోటు ఉన్నట్టు అంచనా, కనుక కొన్ని వారాల చికిత్స న్యాయమే. ఇచ్చినా పెరగకపోతే మెగ్నీషియం చూడాలి, అది తక్కువగా ఉన్నంతకాలం మూత్రపిండాలు పొటాషియాన్ని వదులుతూనే ఉంటాయి. చాలాసార్లు మూత్రవర్ధకం మోతాదును సగం చేస్తే సిరప్ అవసరమే ఉండదు. నేనైతే ముందు దాన్నే ప్రయత్నిస్తాను.

ఇంటికి పంపిన తరువాత

ఇంటికి పంపే రోజున క్రియాటినిన్ 1.5, పొటాషియం 4.6. సిరప్, స్పైరనోలాక్టోన్, ఐబుప్రొఫెన్, ఆ ఉప్పు నాలుగూ ఆపాం. మోకాళ్ళకు పారసెటమాల్, వ్యాయామం సూచించాం. మెట్‌ఫార్మిన్‌ను క్రియాటినిన్ నిలకడ పడేదాకా ఆపి, తరువాత తక్కువ మోతాదులో తిరిగి ఇచ్చాం.

తాత్కాలికంగా ఆపి ఉంచిన టెల్మిసార్టన్ విషయంలో కుటుంబం భయపడింది, శాశ్వతంగా మాన్పించమని కుమారుడు కోరారు. ఆమె మూత్రంలో ప్రోటీన్ పోతోంది. మధుమేహం ఉన్న మనిషిలో మూత్రపిండాలను కాపాడే మందును, అది ఒంటరిగా చేయని నేరానికి వదులుకోవడం నష్టమని వారికి వివరించాను. నాలుగు వారాల తరువాత క్రియాటినిన్ 1.3, పొటాషియం 4.3 ఉన్నప్పుడు 20 మిల్లీగ్రాములతో తిరిగి మొదలుపెట్టి, వారం గడిచాక పరీక్షిస్తే 4.6 వచ్చింది. క్లోర్‌థాలిడోన్‌ను ఈసారి 12.5 మిల్లీగ్రాములతో చేర్చాం. ఇది పొటాషియాన్ని తగ్గిస్తుంది, టెల్మిసార్టన్ పెంచుతుంది, ఒకదాన్ని మరొకటి సరిచేస్తుంటే సిరప్‌తో పని లేదు. నెల తరువాత 4.2.

ఇంట్లో కొలిచిన రక్తపోటు ఇప్పుడు 134/78 ప్రాంతంలో ఉంది. అది మళ్ళీ పెరిగితే స్పైరనోలాక్టోన్ తిరిగి ఇవ్వాలా అన్నది ఇంకా తేలని ప్రశ్న. పన్నెండున్నర మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారానికోసారి, తరువాత నెలకోసారి పరీక్షిస్తూ, 5.5 దాటితే సగం చేసి, 6.0 దాటితే ఆపే పద్ధతిలో ఇవ్వవచ్చు. పొటాషియాన్ని పేగులోనే పట్టి ఉంచే సోడియం జిర్కోనియం సైక్లోసిలికేట్ వంటి మందులను తోడుగా వాడే మార్గమూ ఉంది. ప్రస్తుతానికి దాని జోలికి వెళ్ళకుండా, మూడు నెలలకోసారి పొటాషియం, క్రియాటినిన్ చూస్తున్నాం. ఆమె మందుల కాగితం మీద అన్నిటికంటే పైన, ఎర్ర సిరాతో, పొటాషియం సిరప్ గానీ తక్కువ సోడియం ఉప్పు గానీ వాడకూడదనీ, వాంతులు, విరేచనాలు అయిన రోజున టెల్మిసార్టన్, క్లోర్‌థాలిడోన్, మెట్‌ఫార్మిన్ ఆపి ఫోన్ చేయాలనీ రాసి ఉంది.